ఆడబిడ్డకు టేకు పొట్టు

జగిత్యాల వెళ్తున్నానని చెబితే మా ఆయన, అక్కడ మనకు చుట్టాలెవరున్నారని అడిగారు. చుట్టాలెవరూ లేరు, రంపపు పొట్టు చూసి రావడానికి అన్నాను. పేపరు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసి, తణుకులో సామిల్లులన్నీ మూతపడ్డాయా అన్నారు. మూతపడలేదు. కానీ ఆ పొట్టుతో నాకు పని పడింది, ఆ పొట్టు వాడే ఒకమ్మాయితో ఇంకా పెద్ద పని పడింది. అదంతా విప్పి చెప్పేలోగా రైలు వెళ్ళిపోతుందని, వచ్చాక రాస్తాను, అందరితో పాటు మీరూ చదువుకోండి అని చెప్పి బయల్దేరాను.

మా ఇంటి వెనక షెడ్డులో నేను కొన్నేళ్ళుగా పుట్టగొడుగులు పెంచుతున్నాను, వరిగడ్డి మీద. గోదావరి జిల్లాలో పుట్టినదానికి గడ్డికి కరువొస్తుందని ఎవరైనా చెబితే ఒకప్పుడు నవ్వేదాన్ని. ఇప్పుడు కోత మిషన్లు గడ్డిని నలిపి పొలంలోనే వదిలేస్తున్నాయి, చేతికొచ్చిన కాస్తా వానకు తడిసి నల్లబడుతోంది. అలాంటి గడ్డిలో నేను వేసిన విత్తనం కన్నా ముందు బూజు లేస్తుంది. రంపపు పొట్టయితే ఏడాది పొడుగునా దొరుకుతుందట. తవుడు, చిటికెడు సున్నం కలిపి, డ్రమ్ములో ఆవిరి పట్టి సంచుల్లో నింపితే గడ్డి మీద కంటే గట్టి పుట్టగొడుగు వస్తుందట. ఈ 'అట'లన్నీ నాకు స్వరూప చెప్పినవి.

స్వరూపది సిరిసిల్ల. పుట్టగొడుగులు పెంచే ఆడవాళ్ళం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం, అందులో పరిచయం. మొదట్లో ఆమె సంచులు చూసి నాకు కడుపుమంటగా ఉండేది, అంత బాగా వచ్చేవి. తర్వాత ఏమైందో, రెండు విడతలు వరసగా పోయాయి. విత్తనం వేసి కట్టిన సంచిలో తెల్లటి పోగులు అల్లుకుంటూ పోయి, మూడు వారాలకు సంచంతా తెల్లబడాలి. అప్పుడు గాటు పెడితే పుట్టగొడుగు బయటికొస్తుంది. స్వరూప సంచులు నెల దాటినా గోధుమరంగు వదల్లేదు. వాళ్ళత్తగారు ఈ నెలాఖరు దాకా చూస్తానంది, ఆ తర్వాత గది మళ్ళీ మరమగ్గాలకే అంది. పక్కింటాయన ఆ గదిలో తన మగ్గాలు రెండు పెట్టుకుంటానని అడుగుతున్నాడట.

"గా రూము పోతే నాకు మళ్ళ రూము దొర్కదక్కా. జెర వచ్చి చూసిపోండ్రి" అని ఫోనులో అంది స్వరూప. ఆ గొంతు విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయాను. పొట్టు పంపేది జగిత్యాలలో సామిల్లు నడిపే వాళ్ళన్న రాజేశం, ముందు అక్కడికి వెళ్ళి పొట్టు చూసి, ఆయనతోనే సిరిసిల్ల రమ్మంది.

జగిత్యాల: పొత్తు కాదు, కంకి

జగిత్యాలలో దిగేసరికి సన్నగా ముసురు పట్టింది. బస్టాండు బయట పెద్ద గొడుగు కింద ఒకావిడ బొగ్గుల మీద మొక్కజొన్న కాలుస్తోంది. ఒక పొత్తు ఇవ్వండి అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. వేలు పెట్టి చూపించాక, ఇది కంకి కదా, పొత్తంటారేంటని నవ్వింది. ఇరవై రూపాయలకు చెయ్యంత కంకి, నిమ్మకాయ ముక్కతో ఉప్పూ కారం రుద్ది మరీ ఇచ్చింది. మా వైపు హైవే పక్కన ఆగే కారుని చూసి ధర చెబుతారు. ఇక్కడ నేను బేరం ఆడదామని నోరు తెరిచి, సిగ్గుపడి మూసుకున్నాను.

ఆవిడది బుగ్గారం, సొంత చేలో మక్కలే రోజూ తెచ్చి కాలుస్తుందట. నా 'అండీ' విని ఏ ఊరని అడిగింది, ఎందుకొచ్చానని అడిగింది. పుట్టగొడుగుల పని మీద అంటే కాసేపు ఆలోచించి, పుట్టకొక్కులా అంది. ఇక్కడ వాటి పేరు అదే. సంచుల్లో పండిస్తానంటే నమ్మలేదు. ఉరుములు ఉరిమాక చెదపుట్టల మీద మొలిచేవే పుట్టకొక్కులని, సంచిలో మొలిచింది ఇంకేదో అయి ఉంటుందని తేల్చేసింది. వ్యాపారం చేసే మనిషితో వాదనెందుకని ఇంకో కంకి కొనుక్కున్నాను.

రాజేశం సామిల్లు

రాజేశానికి నలభై ఏళ్ళుంటాయి. తల మీద, కనుబొమల మీద, మీసాల మీద కూడా పొట్టే. దులుపుకుంటూ ఎదురొచ్చి చెయ్యెత్తి దండం పెట్టాడు. లోపల మామిడి దుంగలు, వేప దుంగలు, టేకు దుంగలు వేరువేరుగా పేర్చి ఉన్నాయి. జగిత్యాల మామిడి తోటలకు పేరున్న ఊరు, కాపు తగ్గిన పాత చెట్లు కొట్టేసి ఇక్కడికి తెస్తారు. మామిడి పొట్టు పాలిపోయిన రంగులో, ముట్టుకుంటే మెత్తగా ఉంది. అది ఇటుకబట్టీలకూ, హోటళ్ళలో పొట్టు పొయ్యిలకూ పోతుందట. వేప పొట్టు చేదు వాసన. వీటన్నిటికీ దూరంగా రేకుల పందిరి కింద పట్టా కప్పి ఒక కుప్ప ఉంది.

రాజేశం పట్టా తీసి చూపించాడు. బంగారం రంగు పొట్టు, కొత్త చెప్పుల వాసన. అచ్చంగా టేకు. టేకు కోసే రోజున రంపం కింద శుభ్రంగా ఊడ్చి, వేరే కట్టె పొట్టు రవ్వంత కూడా కలవకుండా పట్టి, జల్లెడ పట్టి మరీ దాస్తాడట. ఎవరడిగినా ఇవ్వడట. స్వరూప మొదట్లో సిరిసిల్లలోనే ఏదో రంపం మిషన్ దగ్గర తెచ్చుకునేదట, ఆ సంగతి తెలిసి ఈయనకు ప్రాణం చివుక్కుమందట.

"నేనుండంగ నా చెల్లె ఇంకొకలని పొట్టు అడుగుడేందక్కా? ఆడబిడ్డకు ఒడిబియ్యంల నూకలు పోస్తమా? పొట్టయినా సరే, మంచిదే ఇయ్యాలె" అన్నాడు.

ఇక్కడ ఆడబిడ్డంటే పుట్టింటి ఆడపిల్ల. ఒడిబియ్యం అంటే పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పసుపు కలిపి ఒడిలో పోసే బియ్యం. మా వైపు పసుపు కుంకుమలు, చీర పెట్టి సరిపెడతాం, ఇక్కడ ఈ ఒడిబియ్యం చాలా పెద్ద సంగతి. విరగని గింజ ఏరి మరీ పోస్తారట. పొట్టుకీ అదే మర్యాద పాటించే అన్నను నేనెక్కడా చూడలేదు. మా తమ్ముడు నాకు ఏటా పంపే మామిడిపళ్ళ బుట్టలో పైవరస మాత్రమే బాగుంటుంది.

రాజేశం భార్య లత సర్వపిండి చేసి పెట్టింది. మా తప్పాలచెక్కకు ఇది సొంత అక్క, కాకపోతే నువ్వులు, పల్లీలు దండిగా వేసి, గిన్నె అడుగున ఒత్తి కాలుస్తారు. రెండు తిన్నాను, మూడోది వద్దనలేకపోయాను. వచ్చేటప్పుడు కాస్త పొట్టు శాంపిలుకు ఇవ్వమని అడిగితే, రాజేశం ఒక నిండు బస్తా కుట్టించి, మీరు కూడా ఆడబిడ్డేనన్నాడు. రైల్లో ఎలా మోస్తానన్న ఆలోచన రాలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఆ పొట్టు వల్లేనని బుకాయించాను.

కోరుట్ల: చెదలు తినని దర్వాజ

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో బయల్దేరాం. వెనక రాజేశం కోరుట్లలో తలుపులు చేయించేవాళ్ళకు ఇవ్వాల్సిన చెక్కలు, వాటి మీద మూడు బస్తాల పొట్టు, స్వరూపకు రెండు, నాకొకటి. ముందు సీట్లో డ్రైవరు, రాజేశం, నేను ఇరుక్కుని కూర్చున్నాం. దారంతా పసుపు చేలు, మక్క చేలు తడిసి నిగనిగలాడుతున్నాయి. మా వైపు ఎటు చూసినా నీళ్ళలో నిలబడ్డ వరే, కళ్ళకు ఇంకో ఆకు కనిపించి హాయిగా అనిపించింది.

కోరుట్లలో ఖాలిద్ భాయి దుకాణం ముందు దిగాం. ముసలాయన, తెల్లగడ్డం, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడతాడు. దర్వాజలు, కిటికీలు చేయించి నాలుగు జిల్లాలకు పంపుతాడట. చెక్కలు దింపుతుండగా పక్క హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. చిన్న గ్లాసు, పది రూపాయలు, చెంచా నిలబడేంత చిక్కన. మా ఊళ్ళో కాఫీ తాగేవాళ్ళం టీని చిన్నచూపు చూస్తాం, ఆ చిన్నచూపు కోరుట్లలో వదిలేసి వచ్చాను.

చాయ్ తాగుతూ ఆయన తన దర్వాజను చేత్తో తడిమి చూపించాడు.

"టేకంటే మొత్తం నూనె అమ్మా. సెదలు గిట్ల వస్తది, వాసన సూస్తది, వాపస్ పోతది. మీ మనవలు ముసలోళ్ళయినా గీ దర్వాజ గిట్లనే ఉంటది" అన్నాడు.

రాజేశం గర్వంగా తలూపాడు. నా చేతిలో గ్లాసు అక్కడే ఆగింది. కంకులమ్మిన ఆవిడ మాట చెవిలో పడినట్టయింది. పుట్టగొడుగు, పుట్టకొక్కు, ఎవరెలా పిలిచినా సంగతి ఆ పేరులోనే ఉంది. చెదలు కట్టెను కొరికి తెచ్చి పుట్టలో దాచుకుంటుంది, దాచుకున్నదాని మీద మొలిచేది పుట్టకొక్కు. నేను పెంచేది వేరే జాతే, అయినా అదీ కట్టెను తిని బతికేదే. చెదలు వాసన చూసి వెనక్కి పోయే కట్టెను అది మాత్రం ఎలా తింటుంది? చెదలను ఆపిన నూనె ఆ తెల్లపోగులనూ ఆపుతుంది. స్వరూప సంచులు ఎందుకు తెల్లబడలేదో నాకు కోరుట్లలో చాయ్ గ్లాసుతో నిలబడి అర్థమైంది.

అర్థమైనందుకు సంతోషించాలి. కానీ ఎదురుగా బస్తాల మీద చెయ్యేసి, పిల్లవాణ్ణి బడికి పంపుతున్న తండ్రిలా రాజేశం నిలబడ్డాడు. నీ పొట్టే నీ చెల్లెలి గదికి ముప్పు తెచ్చిందని ఆ మనిషికి చెప్పే నోరు నాకు లేదు. మామూలుగా నాది నోరు కాదు, లౌడ్‌స్పీకరు. ఆ రోజు మాత్రం చాయ్ బాగుందన్నాను, అంతే.

బస్సులో పంచాయితీ

ఆటో అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళిపోయింది. వేములవాడ దాకా ఒక బస్సు, అక్కడ ఇంకోటి. మూడు బస్తాలనూ వెనక సీటు దగ్గరికి ఎక్కించే సరికి కండక్టరమ్మ లగేజీ టికెట్లు కొట్టేసింది. ఈ రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. నా ఆధార్ ఆంధ్రాది. బస్సు నిండా ఆడవాళ్ళుంటే టికెట్ కొన్నది నేనూ, నా బస్తాలూ.

ఊరు దాటాక పెద్ద గుంతలో పడి బస్సు ఎగిరింది. నా బస్తా కుట్టు ఊడింది. కిటికీల గాలికి పొట్టు లేచి, అందరి తలలూ బంగారు రంగుకు తిరిగాయి. తిడతారని తల దించుకుని కూర్చుంటే, పక్కన ముసలామె తుమ్మి, ఇదేం పొడి అని అడిగింది. ఆవిడది వీర్నపల్లి, కూతురి ఇంటి నుంచి వస్తోంది. పుట్టకొక్కులు పెంచే పొట్టని చెప్పాను. అయితే పుట్టకొక్కు నీసా కాదా చెప్పమంది. నీసంటే మాంసాహారం. ఆ రోజు సోమవారం, వేములవాడలో వెలసిన శివుడు రాజన్న రోజు, ఇక్కడ చాలామంది ఆ రోజు నీసు ముట్టరు.

మా ఇంట్లో ఎన్నేళ్ళుగా పెంచుతున్నా ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేను నీళ్ళు నమిలేలోగా బస్సు రెండు పక్షాలైంది. నేల మీద మొలిచేది నీసెలా అవుతుందని ఒకరు. వండితే మాంసంలాగే ఉంటుంది కాబట్టి నీసేనని ఇంకొకరు. చికెన్ మసాలా వేస్తే నీసు, వెయ్యకపోతే కాదని వెనక నుంచి ఒకాయన. చివరికి కండక్టరమ్మను అడిగారు. నీసయితే తన బస్సులోకి రానిచ్చేది కాదని, వచ్చింది కాబట్టి కాదని ఆవిడ తీర్పు చెప్పి విజిల్ వేసింది. వీర్నపల్లి అవ్వ మాత్రం ఒప్పుకోలేదు, మంగళవారం తింటానంది.

నేనూ రాజేశమూ కలిసి చిరిగిన బస్తాను నా శాలువాతో కట్టాం. ఆయన నేల మీద పడ్డ పొట్టును కూడా చేతులతో ఎత్తి పోశాడు, ఒక గుప్పెడు వదలకుండా. ఆ చేతులు చూశాక, సిరిసిల్ల చేరేలోగా చెప్పెయ్యాలనుకున్నాను. వేములవాడలో బస్సు మారాం, చెప్పలేదు. సిరిసిల్లలో దిగాం, చెప్పలేదు.

సిరిసిల్ల: చప్పుడు

సిరిసిల్లలో ముందు వినిపించేది, తర్వాతే కనిపించేది. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు, అవి నడిచే షెడ్డును కార్ఖానా అంటారు. స్వరూప వాళ్ళ వాడలో ప్రతి ఇంటి గోడ వెనకా సాంచాలు టకటకమంటూనే ఉన్నాయి. అందుకే ఇక్కడ మనుషులు మామూలు మాటనే అరిచినట్టు చెబుతారు. మొదటి గంట నన్నందరూ కోప్పడుతున్నారనుకున్నాను. నేను మాట్లాడితే ఎవరికీ వినపడలేదు, మా ఇంట్లో వాళ్ళు చూస్తే పండగ చేసుకునేవారు.

స్వరూప ముప్పయ్యేళ్ళ పిల్ల, సన్నగా, చురుగ్గా ఉంది. భర్త ఎవరిదో కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు, ఆ వేళ డ్యూటీలో ఉన్నాడు. అత్తగారు నర్సవ్వ చెంబుతో నీళ్ళిచ్చి, చాయ్ పెట్టించి, రాజేశాన్ని కొడుకా అంటూ కుశలం అడిగింది. వెంటనే అసలు సంగతి కూడా చెప్పేసింది. పక్క కార్ఖానా సత్తయ్య ఇవాళ సాయంత్రం గది మాట తేల్చుకోవడానికి వస్తాడట. సత్తయ్య ఆసామి, అంటే సేట్ల దగ్గర నూలు తీసుకుని తన సాంచాల మీద గుడ్డ నేయించి ఇచ్చే మనిషి. నెల చూశామని, ఇంక ఎన్నాళ్ళని ఆవిడ అడిగింది. రాజేశం నా వైపు చూసి, అక్క వచ్చింది కదా, అంతా బాగుచేస్తుందన్నాడు. బస్తాలు వసారాలో దించి, నర్సవ్వ దగ్గర కూర్చున్నాడు.

నేనూ స్వరూపా గదిలోకి వెళ్ళాం. ఒకప్పుడు వీళ్ళ సాంచాలు నడిచిన గది. ఇప్పుడు తాళ్ళకు సంచులు వేలాడుతున్నాయి, అన్నీ గోధుమరంగులోనే. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే కొత్త చెప్పుల వాసన. అవతలి గోడకు ఆనుకుని సత్తయ్య సాంచాలు నడుస్తుంటే నేల కూడా అదురుతోంది. మూలన నూలు చుట్టే పాత బీములు రెండు నిలబెట్టి ఉన్నాయి, వాటి వెనక తడి గోనెపట్టా కప్పి ఏదో ఉంది. ఎత్తి చూశాను.

ఏడెనిమిది సంచులు. పాలలా తెల్లగా. గాట్ల లోంచి గుత్తులు గుత్తులుగా పుట్టగొడుగులు, నా షెడ్డులో ఏనాడూ రానంత గట్టివి.

స్వరూప చటుక్కున పట్టా కప్పేసింది. ఇవెక్కడివని ఆమె చెవి దగ్గర అరిచాను. ఆమె నా చెవి దగ్గర అరిచింది. ఊరి చివర సెంట్రింగ్ చెక్కలు కోసే మిషన్ దగ్గర తెచ్చిన పొట్టట, మామిడిది. అన్న పంపిన పొట్టు చాలకపోతే ఈ కాసిని సంచులూ దాంతో నింపింది. ఇవి తెల్లబడ్డాయి, అవి తెల్లబడలేదు, సంగతి ఆమెకు అప్పుడే అర్థమైంది. అన్న పొట్టుతోనే పండించే ఉపాయం నాకేదైనా తెలుస్తుందేమోనని నన్ను పిలిచిందట. మరి అత్తగారికి చూపిస్తే గది నిలుస్తుంది కదా, దాచడమెందుకని అరిచాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, సాంచాలను మించి గొంతెత్తింది.

"రూము పోతే పోనీ అక్కా! మా అన్న పంపిన పొట్టు పనికిరాదని అత్తమ్మకు తెల్వొద్దు, మా అన్నకు అస్సలే తెల్వొద్దు!"

'పోనీ' దగ్గర కరెంటు పోయింది. వాడలో సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయి. మిగతా మాటంతా ఆ నిశ్శబ్దంలో వాడ చివరిదాకా వినపడింది. సిరిసిల్లలో తప్ప ఇంకెక్కడా ఒక రహస్యం ఇలా బయటపడదు. నవ్వు రావాల్సిందే, కానీ ఆ పిల్ల ముఖం చూశాక నాకు నవ్వు రాలేదు.

రాజేశం గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది. పట్టా తనే ఎత్తి తెల్ల సంచిని చూశాడు, వేలాడే గోధుమ సంచిని చూశాడు. ఇంక నేను నోరు విప్పాను. ఖాలిద్ భాయి దర్వాజ గురించి, చెదల గురించి, టేకు నూనె గురించి చెప్పాను. తప్పు పొట్టుది కాదని, అది మరీ మంచిది కావడమే చిక్కని చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలియదు, చెల్లెలినే చూస్తున్నాడు.

"మంచిదని పంపిన చెల్లె" అన్నాడు.

"నాకెర్కే అన్నా. అందుకే చెప్పలే" అంది స్వరూప, ఏడుస్తూ.

ఆయన పక్కకు తిరిగి మీసాల మీది పొట్టు తుడుచుకున్నట్టు ముఖం తుడుచుకున్నాడు. బస్తాలు వెనక్కి తీసుకుపోతానని, రేపే మామిడి పొట్టు పంపుతానని అంటూ వసారాలోకి నడిచాడు. పొట్టు పొయ్యిలో వేసే సరుకు ఆడబిడ్డకు పంపితే నలుగురూ నవ్వరు కదా అని ఆగి నన్నే అడిగాడు. నవ్వితే వాళ్ళకు పుట్టగొడుగుల కూర పెట్టమన్నాను.

అప్పుడు నర్సవ్వ లోపలికి వచ్చి గోనెపట్టాను చేత్తో పిండి చూసింది, నీళ్ళు కారాయి. స్వరూప వైపు తిరిగింది.

"మొన్న నువ్వు రెండొద్దులు తల్లిగారింటికి పోతివి. గిది ఆరకుంట ఎట్లున్నదనుకున్నవే పిల్లా? నీళ్ళు సల్లింది ఎవ్వలు?"

స్వరూప పట్టా వైపూ అత్తగారి వైపూ మార్చి మార్చి చూసింది. తెలిసి కూడా ఎందుకు అడగలేదని నేనే నర్సవ్వను అడిగాను.

"తల్లిగారి పొట్టు పనికిరాదని అదే అంటలేదు బిడ్డా. నేనెట్లంట?" అంది ఆవిడ.

పొద్దున్నుంచి మోసిన బరువేదో దిగినట్టు నేను అక్కడే, బీముల పక్కన నేల మీద కూలబడ్డాను. అత్తగారి గడువు, సత్తయ్య రాక తలచుకుని ఆవిణ్ణి దారి పొడుగునా మనసులో తిట్టుకుంటూ వచ్చాను. ఆవిడేమో కోడలు పుట్టింటి గౌరవం దాచుకుంటే, దాని మీద గుట్టుగా నీళ్ళు చల్లుతూ కూర్చుంది. కోడలే నోరు విప్పి గది అడుగుతుందేమోనని గడువు పెట్టి మరీ చూసిందట.

రాజేశం బస్తా భుజానికెత్తుకుంటుంటే నర్సవ్వ ఆపింది. తల్లిగారింటి నుంచి వచ్చింది వెనక్కి పోదంది. విప్పి గది నేలంతా పరిపించింది. సంచులకు నీళ్ళు చల్లీ చల్లీ ఆ నేల ఎప్పుడూ జారుతూనే ఉంటుందట, ఇంక జారదు, చెద కూడా పైకి రాదు. నా బస్తాను కూడా అక్కడే పోశాను, రైలుకు బరువు తగ్గింది. గదంతా బంగారు రంగు వచ్చింది. రాజేశం చెప్పులు విడిచి ఆ పొట్టు మీద నాలుగడుగులు వేసి చూసి, మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాడు. మిల్లుకు ఫోన్ చేసి, మామిడి పొట్టు ఒక్క బస్తా కూడా హోటలుకు పోవద్దని గట్టిగా చెప్పాడు.

స్వరూప తెల్ల సంచుల మీది గుత్తులు మెలితిప్పి కోసింది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కాస్త ధనియాల పొడి, దింపేముందు కొత్తిమీర. పక్కన పచ్చిపులుసు. గడ్డి మీద పెంచిన నా పుట్టగొడుగు మెత్తగా జారిపోతుంది, ఇది పంటి కింద కరకరలాడింది. ఒప్పుకోవడానికి కాస్త కష్టపడ్డాను, ఒప్పుకున్నాక రెండోసారి వడ్డించుకున్నాను. సోమవారమైనా నర్సవ్వ కూడా కంచం ముందుకు జరిపింది.

మేం తింటుండగా కరెంటు వచ్చింది, వాడంతా మళ్ళీ టకటకలు మొదలయ్యాయి. సత్తయ్య వచ్చి వాకిలి బయట నిలబడి, రూము సంగతి ఏమాయెనని అడిగాడు. స్వరూప చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఖాళీ లేదు సత్తయ్యా. అండ్ల మా కోడలి కార్ఖాన నడుస్తున్నది" అంది నర్సవ్వ.

చప్పుడులో ఆయనకు వినపడలేదు, అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నర్సవ్వ కంచం పక్కన పెట్టి లేచి, వాకిట్లోకి వెళ్ళి, వాడంతా వినేలా మళ్ళీ అదే మాట చెప్పింది.